కంపోజిటర్ వేసిన ముడి

తెల్లమిల్లు వెనక వీధిలో, మూడో మలుపు దగ్గర, ఒక గుమ్మానికి రేకు వేలాడుతుంటుంది: "ఇచ్చట టైపు చేయబడును." పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికల్లా దాని మీద మళ్లీ పిండి పట్టేస్తుంది. తినే పిండి కాదు. మిల్లులో రాళ్లను పొడి చేసి, జల్లించి, సంచులకెత్తే రాతిపిండి. రంగుల్లోకి, గాజులోకి, పళ్లపొడిలోకి పోతుందంటారు. మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోయిన వాటా మాత్రం ఏ బిల్లులోనూ కనపడదు.

ఆ గుమ్మం లోపలి మనిషిని వీధంతా కంపోజిటర్ అంటుంది. అరవై ఏడేళ్లు. పద్నాలుగో ఏట అచ్చాఫీసులో చేరాడు. సీసపు అక్షరాలను గడుల్లోంచి ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, పేజీ నిండాక చుట్టూ పురికొసతో బిగించి కట్టేవాడు. అలా కట్టిన పేజీని అక్కడ మేటరు అంటారు. కొత్తవాడికి అచ్చాఫీసులో అక్షరాల కన్నా ముందు నేర్పేది ఒకటుంది. అచ్చు పూర్తయ్యేదాకా మేటరు మీది పురికొస విప్పకూడదు. కంపోజిటర్ పదిహేనో ఏట ఒకసారి విప్పాడు. పేజీకి పేజీ నేల మీద కుప్పగా పడింది. ఫోర్మన్ కొట్టిన దెబ్బకు ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

తర్వాత అచ్చాఫీసు మూతపడింది, సీసం కరిగిపోయింది. నలభై ఐదో ఏట ఆయన కీబోర్డు ముందు కూర్చుని మళ్లీ మొదటి నుంచి అక్షరాలు దిద్దుకున్నాడు. వేరేవాళ్లు వాడి అమ్మేసిన కంప్యూటర్ ఒకటి కొని ముందుగదిలో కిటికీ పక్కన పెట్టుకున్నాడు. అర్జీలు, అద్దె ఒప్పందాలు, పిల్లల ప్రాజెక్టులు, ఎవరు ఏది తెచ్చినా టైపు చేసి ఇచ్చేవాడు. ఇంట్లో ఆయనకు తోడు డెబ్బై రెండేళ్ల అక్క. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. ఆమె నోటికి వీధిలో కుక్కలు కూడా దారిస్తాయని చెప్పుకుంటారు. ఆ నోరే తమ్ముడి పనికి ఆధారం. ప్రూఫు దిద్దాలంటే ఒకరు బిగ్గరగా చదవాలి, ఇంకొకరు కాగితంతో సరిచూసుకోవాలి. చదివేది అక్క.

"కామా దగ్గర ఆగు అక్కా."

"నీ కామాల కోసం ఆగితే నా ఊపిరి ఆగిపోతుంది రా. ఆసుపత్రిలో ఇన్ని కామాలుంటే ఒక్క రోగికీ సూది పడేది కాదు."

ఇద్దరూ కలిసి పద్నాలుగు నెలలుగా ఒకే పని మీద ఉన్నారు. తెల్లమిల్లులో చేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న నలభై ఒక్కమంది, యూనియన్ తరఫున కార్మిక శాఖ ఆఫీసరుకు అర్జీ పెట్టుకున్నారు. వాళ్లు మిల్లులో పనిచేశారనడానికి కాగితం చూపించమన్నాడు ఆఫీసరు. కాగితం ఎక్కడిది? మిల్లు రిజిస్టరులో వాళ్ల పేర్లే లేవు. మేస్త్రీ కింద పని, మేస్త్రీ నోటి మాటే హాజరు. ఇరవై ఏళ్లు ఒకచోట నిలబడి రాతిపిండి పీల్చినవాడు, తాను అక్కడ నిలబడ్డానని తానే రుజువు చేసుకోవాలట. మనిషిని తినేసి, తిన్నానని నువ్వే నిరూపించు అనే నోళ్లకు మన చట్టాల్లో కుర్చీ వేసి మరీ మర్యాద చేస్తారు.

కంపోజిటరే దానికొక దారి కనిపెట్టాడు. ఒక్కొక్కరినీ పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవాడు. నువ్వు ఏ యంత్రం దగ్గర నిలబడ్డావు, నీ ఎడమ పక్కన ఎవరు, కుడి పక్కన ఎవరు, ఎన్నేళ్లు? ఒకడి మాటకు అటూ ఇటూ ఇద్దరు సాక్ష్యం. ఆ ఇద్దరికీ మళ్లీ చెరో ఇద్దరు. వరసలో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డట్టు నలభై ఒక్కమంది వాంగ్మూలాలు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాయి. అవన్నీ వాళ్లు చెబుతుండగానే నేరుగా కంప్యూటర్లోకి ఎక్కాయి. ఈ పద్నాలుగు నెలల్లో ఆ నలభై ఒక్కమందిలో ఆరుగురు పోయారు.

పోయిన ఆరుగురిలో ఒకడు జల్లెడ. పదకొండేళ్లు మిల్లు జల్లెడ దగ్గరే నిలబడ్డాడు కాబట్టి అదే పేరైపోయింది. ఒక ఊపిరికి ఐదారు మాటల కన్నా చెప్పలేకపోయేవాడు. అతని వాంగ్మూలానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. "నా ఊపిరికి సరిపడా రాసుకో బాబాయ్" అన్నాడు మొదటి రోజే, నవ్వబోయి దగ్గుతూ. "చిన్న చిన్న వాక్యాలు."

యూనియన్ సెక్రటరీ అప్పుడే అన్నాడు: "ఎంతవరకు అయితే అంతవరకు అచ్చు తీసి, వేలిముద్రలు వేయించేద్దాం బాబాయ్. మన వాళ్ల ప్రాణాలు నీ ప్రూఫు కోసం ఆగవు."

కంపోజిటర్ ఒప్పుకోలేదు. "మొదటి పేజీలో తప్పు చూసి ఆఫీసరు నవ్వాడనుకో, ఇంక రెండో పేజీ తిప్పడు. మనవాళ్ల మాట తప్పుల్లేకుండా పోవాలి. అన్నీ తేలాక ఒకేసారి తీద్దాం."

ఆయన గర్వం అది. తప్పని ఎలా అంటాం? జీవితమంతా కూలివాడి మాటను పెద్దవాళ్లు చదివి నవ్వడం చూసినవాడు. కానీ ఆ గర్వం వల్లే ఆరుగురి వేలిముద్రలు పడకుండా పోయాయి.

వాంగ్మూలాలన్నీ శుక్రవారం సాయంత్రంలోగా ఆఫీసు వెబ్‌సైటులోకి ఎక్కించాలని కబురొచ్చింది. అక్కడొక చిక్కు వచ్చిపడింది. కంపోజిటర్ టైపు చేసింది డీటీపీ రోజుల నాటి పాత ఫాంటులో. వెబ్‌సైటుకు కొత్త ఫాంటు కావాలి. పాతది ఎక్కిస్తే నలభై ఒక్కమంది కష్టమూ గీతలు, గుర్తులుగా కనపడుతోంది. మళ్లీ టైపు చేసే వ్యవధి లేదు. పాతదాన్ని కొత్తదిగా మార్చే కన్వర్టర్ ఉచితంగా దొరుకుతుందని ఎక్కడో చదివి, వెతికి, ఆయనే దించుకున్నాడు. అది రెండు వాంగ్మూలాలు మార్చింది కూడా. ఆ మర్నాటి నుంచి కంప్యూటర్ నడక మారింది.

ఒక అక్షరం నొక్కితే తెర మీదికి రావడానికి నీళ్లు కాగేంత సేపు. ఫైలు తెరిస్తే తెల్లటి తెర, దాని మధ్య గిరగిరా తిరిగే చక్రం. ఏ పనీ లేకపోయినా లోపలి ఫ్యాను రొద పెడుతూనే ఉండేది.

"దానికీ మిల్లు జబ్బే పట్టుకుంది రా" అంది అక్క. "విను ఆ ఆయాసం. ఈ శబ్దం నేను వార్డులో వినని రోజు లేదు."

"ఊరుకో అక్కా. దుమ్ము పట్టుంటుంది."

పెట్టె విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపాడు. గుప్పెడు పిండి రాలింది. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. పనికిరాని ఫొటోలు, పాత అర్జీలు చెరిపేశాడు. ఆపి, పదినిమిషాలాగి, మళ్లీ వేశాడు. ఏదీ పనిచేయలేదు. మూడోరోజు తెర మీదికి ఒక ఎర్రని పెట్టె దూకింది. మీ కంప్యూటర్లో పదిహేడు వైరస్‌లున్నాయి, ఇది నొక్కితే పోతాయి అని. కంపోజిటర్ నొక్కాడు. చక్రం మరింత నెమ్మదైంది.

అప్పుడు రిపేరమ్మకు ఫోన్ చేశాడు. బస్టాండు పక్కన ఇరుకు గదిలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఆమె. ఇద్దరు ఆడపిల్లల తల్లి, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆమె అప్పుడు పక్క ఊరి బడిలో ఇరవై యంత్రాల మధ్య ఉంది.

"ఎర్రపెట్టె నొక్కావా? నొక్కావా బాబాయ్! సరే, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ముందు నెట్ వైరు పీకెయ్. తర్వాత దానికి పక్కన గుచ్చి ఉన్నవన్నీ పీకెయ్. పెన్ డ్రైవ్, ప్రింటరు, ఏదున్నా సరే. ఆపేసి వదిలెయ్. రేపు పొద్దున్నే వస్తాను. అందాకా దాన్ని ముట్టుకున్నావంటే నీ చేతులు కట్టేస్తా."

కంపోజిటర్ నెట్ వైరు పీకాడు. ప్రింటరు తీగ తీశాడు. పెన్ డ్రైవ్ దగ్గరికి వచ్చి ఆగాడు.

ఆ పెన్ డ్రైవ్‌లో నలభై ఒక్క వాంగ్మూలాల రెండో ప్రతి ఉంది. ఉన్న ఒకే ఒక్క రెండో ప్రతి. దాన్ని గుచ్చి, ఊడిపోకుండా, ఎవరూ తీసుకుపోకుండా, కంప్యూటర్ వెనక ఉన్న ఇనుప కొక్కేనికి పురికొసతో కట్టి ముడేశాడు ఆయన. రోజూ పని కాగానే అందులోకీ ఎక్కించేవాడు. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని బయటికి తీయలేదు. అది కట్టిన మేటరు. ఇంకా అచ్చు కాలేదు.

"ఏంట్రా దాన్నట్టా చూస్తున్నావ్? పీకమంది కదా ఆ పిల్ల?" అంది అక్క.

"అది వేరే. అందులో పని ఉంది."

"పని ఉంటే?"

"పని పూర్తి కాకుండా విప్పకూడదు."

విప్పలేదు. అంతటితో ఆగినా సరిపోయేది. కానీ శుక్రవారం దగ్గర పడుతోంది, కన్వర్టర్ మార్చాల్సినవి ముప్పై తొమ్మిది మిగిలున్నాయి. నెట్ వైరు ఎలాగూ తీశాను కదా, ఇంక దొంగ ఎక్కణ్నుంచి వస్తాడు అనుకున్నాడు. కంప్యూటర్ ఆపకుండా కన్వర్టర్ తెరిచి పని మొదలుపెట్టాడు. దొంగ అప్పటికే ఇంట్లో ఉన్నాడనీ, ఏ తలుపులోంచి వచ్చాడో ఆ తలుపే తాను తెరుస్తున్నాననీ ఆయనకు తెలియదు.

రిపేరమ్మ వచ్చేసరికి తెర మీద ఫైళ్లన్నీ ఉన్నాయి. పేర్లున్నాయి. ప్రతి పేరుకూ చివర ఏదో తోక తగులుకుంది. ఏది తెరిచినా తెరుచుకోదు. మధ్యలో ఒక చీటీ, వేరే భాషలో. తాళం చెవి కావాలంటే ఫలానా చోటికి డబ్బు పంపమని దాని సారాంశం.

ఆమె చాలాసేపు కీబోర్డు మీద ఏవేవో నొక్కి చూసింది. ఆ యంత్రంలో ఏమేం నడుస్తున్నాయో జాబితా తీసి చూపించింది. కన్వర్టర్‌తో పాటు ఇంకొకటి దిగిందనీ, అన్నాళ్లూ అదే ఈ కంప్యూటర్ శక్తినంతా లాక్కుని ఎవరి పనో చేసిపెట్టిందనీ, అందుకే ఇది ఆయాసపడిందనీ చెప్పింది. "ఇల్లు దోచుకునేవాడు ముందు నాలుగు రోజులు నీ ఇంట్లోనే కూర్చుని తిన్నాడు బాబాయ్. పోతూ పోతూ గదులన్నిటికీ తన తాళాలు వేసి పోయాడు."

"వాడడిగింది పంపితే?"

"పంపినవాళ్లను చూశాను. చెవి రాలేదు. ఇంకోసారి అడిగాడు."

"మరి పెన్ డ్రైవ్?"

అప్పుడామె వంగి వెనక చూసింది. ఇనుప కొక్కెం, పురికొస, ముడి. చేత్తో ముట్టుకుని చూసింది.

"ఇదేంటి?"

కంపోజిటర్ వంగి ముడి వదులైందేమోనని చూశాడు.

"పీకమన్నాను కదా బాబాయ్."

"అన్నావమ్మా."

"గుచ్చి ఉంటే అదీ ఇంట్లో గదే. దానికీ తాళమే." ఆమె గొంతు తగ్గింది. "తీసి బల్ల సొరుగులో పడేసుంటే చాలు. చెక్క సొరుగులో."

అక్క గోడకు ఆనుకుని నిలబడింది. తమ్ముడు కత్తెర తెచ్చి ముడి కోయబోతే, రిపేరమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంక కోసీ లాభం లేదని చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి సంగతి వీధంతా పాకింది. టీకొట్టు దగ్గర నలుగురూ ఒకటే మాట: ఇది మిల్లు ఓనరు చేయించిందే. సెక్రటరీ కూడా ఆవేశంగా వచ్చాడు. "కేసు పెడదాం! మిల్లువాళ్లే పంపారని రాసివ్వమ్మా" అని రిపేరమ్మ మీద పడ్డాడు.

"రాయను. వాళ్లు పంపలేదు. పంపినవాడికి మీరెవరో తెలీదు, మిల్లు తెలీదు, ఈ ఊరే తెలీదు. వలేసి కూర్చున్నాడు. పడ్డ చేప ఎవరన్నది వాడికి అనవసరం."

కుట్ర అయ్యుంటే బాగుండేదని ఆ రోజు అందరికీ అనిపించింది. కుట్ర అయితే తిట్టుకోవడానికి ఒక ముఖం ఉంటుంది. మిల్లు ఓనరుకు ఈ వాంగ్మూలాలున్న సంగతే తెలియదు, పోయిన సంగతీ తెలియదు. ఆయన వేలు కూడా కదపకుండానే పని ఆయనకు అనుకూలంగా జరిగిపోయింది. పేదవాడి రుజువులు ఎప్పుడూ ఒక్కచోటే ఉంటాయి. ఒక పెట్టెలో, ఒక సంచిలో, ఒక ముసలాయన బల్ల మీద. వాటిని నాశనం చేయడానికి శత్రువులు అక్కర్లేదు, ఒక వానొచ్చినా చాలు.

సెక్రటరీ ఆఫీసరు కాళ్లావేళ్లా పడి, వేలిముద్రలతో కాగితాల మీదే ఇచ్చేలా పన్నెండు రోజులు గడువు తెచ్చాడు. రిపేరమ్మ తన దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి తుడిచి ఇచ్చింది. "దీనికి నెట్ లేదు, పెట్టించవద్దు. ఏ రోజు రాసింది ఆ రోజే నా దగ్గర అచ్చు తీసుకో. మూడు ఇళ్లలో మూడు ప్రతులు. ముడులు వేయకు." చివరి మాట అనేశాక నాలుక కరుచుకుంది. కంపోజిటర్ తలూపాడు.

ఈసారి వాళ్లు ఆయన గుమ్మానికి రాలేదు. ఆయనే వెళ్లాడు, ప్రతి ఇంటికీ. ప్రతి ఇంట్లోనూ అదే మాట: "ఒకసారి చెప్పాం కదా?" కొందరు పద్నాలుగు నెలల కిందట గంట మాట్లాడినవాళ్లు ఇప్పుడు పావుగంట కూడా మాట్లాడలేరు. ఒకతను మంచం మీంచే ఎడమ పక్కవాడి పేరు చెప్పి, కుడి పక్కవాడి పేరు గుర్తు రాక, గుర్తు రాలేదన్న బాధతో ఏడ్చాడు. కంపోజిటర్ ఆ పేరు తనకు తెలిసీ అందివ్వలేదు. సాక్షి నోట్లో మాట పెట్టకూడదు. ఆగాడు. పేరు రాలేదు. అలాగే రాసుకుని, అచ్చు తీసుకొచ్చి వేలిముద్ర వేయించుకున్నాడు. పదో రోజుకు ముప్పై ఐదుమందీ పూర్తయ్యారు. ముందున్నంత గట్టిగా ఒకరినొకరు పట్టుకుని లేరు గాని, నిలబడ్డారు.

మిగిలింది ఆ ఆరుగురు.

"నాకు గుర్తుంది" అంది అక్క ఉన్నట్టుండి, సెక్రటరీ కూడా ఇంట్లో ఉండగా. "ఎన్నిసార్లు చదివించావురా నాచేత! జల్లెడది మొత్తం వస్తుంది, విను. 'నేను జల్లెడ దగ్గర నిలబడ్డాను. నా ఎడమ పక్క నీళ్లు చల్లేవాడు. ఆ నీళ్లు ఆపేశారు. పిండి తడుస్తోందన్నారు. మూతికి గుడ్డ అడిగాము. గుడ్డ మీరే తెచ్చుకోండి అన్నారు.'" కళ్లు మూసుకుని, ప్రతి చిన్న వాక్యం చివరా ఆగుతూ, తు చ తప్పకుండా చెప్పుకుపోయింది. ఆమె గొంతులోంచి అతని ఊపిరి వినపడింది.

సెక్రటరీ లేచాడు. "ఇంకేం బాబాయ్, రాసెయ్! వేలిముద్ర సంగతి నేను చూసుకుంటాను."

"ఎవరి వేలు?"

"ఎవరిదో ఒకరిది. పోయినవాడి వేలు ఎవరు సరిచూస్తారు?"

"మిల్లు లాయరు చూస్తాడు. ఒక్క దొంగ వేలు దొరికితే ముప్పై ఐదు నిజం వేళ్లు పోతాయి."

"నిజమే కదా రాసేది! అక్క అబద్ధం చెప్తోందా?"

"నిజమే. అందుకే దొంగ ముద్ర వేయనంటున్నా."

సెక్రటరీ కోపంగా అన్నాడు: "నీ నియమాలే కదా బాబాయ్ మనల్ని ఇంతదాకా తెచ్చింది." చివరికి కంపోజిటర్ ఆరుగురివీ అక్క చెప్పింది చెప్పినట్టే రాశాడు గాని, పైన ఇలా పెట్టాడు: "చనిపోయిన వ్యక్తి చెప్పగా మేము విన్నది." కింద తన సంతకం, అక్క సంతకం.

దాని మీద ఇంటివాళ్లు కూడా ఒక సంతకం చేస్తే బరువుంటుందని ఆ ఆరు ఇళ్లకూ బయల్దేరాడు. అయిదు ఇళ్లవాళ్లు చేశారు. ఆరోది జల్లెడ ఇల్లు. ఒకే గది. గదిలో సగం మిల్లు సంచులు, ఖాళీవి, కట్టలు కట్టలుగా. జల్లెడ భార్య గుమ్మం ముందు ఒక్కొక్క సంచినీ తిరగేసి కర్రతో దులుపుతోంది. ఆమె చుట్టూ తెల్లటి పొగలా లేచి మెల్లగా లోపలి మంచం మీద, బిందె మీద దిగుతోంది.

కాగితం చదివి వినిపించాడు. ఆమె కర్ర ఆపకుండానే వింది.

"పదకొండేళ్లా? పదమూడు. ఆ మనిషి ఎప్పుడూ తక్కువే చెప్తాడు, జీతమైనా జబ్బైనా" అంది. "అంతేనా? నా గురించి ఏం చెప్పలేదా?"

"నీ గురించి..." కంపోజిటర్ తడబడ్డాడు. "నేను అడగలేదమ్మా."

"నాలుగుసార్లు తీసుకొచ్చాను మీ ఇంటికి. రిక్షాలో ఎక్కించి, దించి, మోసుకుని. నాలుగుసార్లూ మీ గుమ్మంలోనే కూర్చున్నా. మీ అక్క మంచినీళ్లిచ్చింది. మీరు ఒక్కసారీ అడగలేదు, నువ్వేం పని చేస్తావమ్మా అని." ఇంకో సంచి తిరగేసింది. "వందకింత అని ఇస్తారు. దులిపి, చిరుగులు కుట్టి పంపాలి. ఈ వీధిలో ఇరవైమందిమి. ఇంట్లో చేసేది పని కాదంటాడు మేస్త్రీ. మీరూ అదే అనుకున్నట్టున్నారు."

సంతకం చేసింది. చేస్తూ దగ్గింది. ఆ దగ్గు కంపోజిటర్‌కు తెలుసు. నలభై ఒక్కమంది నోట పద్నాలుగు నెలలు విన్న దగ్గే.

విచారణ పొద్దున పదకొండింటికి. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ముప్పై ఐదు వాంగ్మూలాలూ ఓపిగ్గా తిరగేశాడు, రెండు మూడు చోట్ల తలూపాడు కూడా. ఆరు కాగితాల దగ్గరికి వచ్చేసరికి మిల్లు లాయరు నోరు తెరవకముందే తనే అన్నాడు: "ఇవి విన్న మాటలు. చెప్పిన మనిషి సంతకం లేదు. వీటిని తీసుకోవడానికి నాకు వీల్లేదు."

"చెప్పిన మనిషి లేడు సార్" అన్నాడు కంపోజిటర్.

"అందుకే అంటున్నాను. బతికుండగా ముద్ర వేయించాల్సింది. ఎందుకు వేయించలేదు?"

కంపోజిటర్ నిలబడ్డాడు. ఏం చెప్పాలి? ప్రూఫు తేలలేదని చెప్పాలా? పురికొస విప్పకూడదని చెప్పాలా? "నా తప్పు సార్" అన్నాడు. ఆ మాటను గుమాస్తా రాసుకున్నాడు. అర్జీలోని పేర్ల జాబితా తీసి, ఆఫీసరు స్కేలు పెట్టి ఆరు గీతలు గీశాడు. నాలుగో గీత జల్లెడ మీద పడింది. పక్కన "ఆధారం లేదు" అని రాసి పొట్టి సంతకం చేశాడు. పేరు కొట్టేస్తే పరిహారం ఇంటికి రాదు. అంతకన్నా ముందు, ఆ మనిషి మిల్లులో నిలబడ్డాడన్న మాటే ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

వెనక బెంచీ మీంచి జల్లెడ భార్య లేచింది. "అయ్యా, నేను చూశాను ఆయన్ని అక్కడ. రోజూ సంచులు తేవడానికి పోయేదాన్ని."

"మీరు అర్జీలో ఉన్నారా?"

"లేను."

"మిల్లులో పనిచేశారా?"

"ఇంట్లో చేశాను. మిల్లు సంచులు."

ఆఫీసరు తన ముందున్న ఫారం వైపు చూశాడు. అందులో ఆమెకు గడి లేదు. "అది వేరే విషయమమ్మా. వేరే అర్జీ పెట్టుకోండి" అని గడియారం చూసుకున్నాడు. ఆమెకు దగ్గు తెర వచ్చింది. గుమాస్తా లేచి, దుమ్ము వస్తోందని కిటికీ మూశాడు.

బయట వరండాలో సెక్రటరీ తల పట్టుకు కూర్చున్నాడు. "ముప్పై ఐదు నిలిచాయి కదా, అదే పదివేలు" అన్నాడు ఎవరితోనూ కాకుండా. ఆడవాళ్ల అర్జీ అంటే మళ్లీ మొదటి నుంచి అన్నాడు. మేస్త్రీ ఒప్పుకోడు, సంచులకు కాగితం లేదు, మూడు నాలుగేళ్లు పడుతుంది, అందాకా ఎవరుంటారో ఎవరు పోతారో అన్నాడు. అన్నీ నిజాలే.

అక్క మెట్ల మీద కూర్చుని చెప్పులు వెతుక్కుంటోంది. "ఇరవైమంది అంటోంది రా" అంది తమ్ముడితో.

కంపోజిటర్ జల్లెడ భార్య పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కొంచెంసేపటికి, వినపడే చెవి ఆమె వైపు తిప్పి అడిగాడు:

"ఎన్నేళ్లయిందమ్మా?"

"ఏది? సంచులా, దగ్గా?"

"రెండూ."

"సంచులు తొమ్మిదేళ్లు. దగ్గు..." వేళ్లు మడిచింది. "పెద్దదానికి నడక రాకముందు మొదలైంది. ఇప్పుడు దానికి ఆరేళ్లు. అదీ దగ్గుతుంది."

"నీ ఎడమ పక్క ఇంట్లో ఎవరు దులుపుతారు?"

ఆమె పేరు చెప్పింది. అక్క వచ్చి వాళ్ల పక్కన కూర్చుని, ఆ పేరును పైకి, మెల్లగా, ఒకసారి పలికింది.

"కుడి పక్క?"